వాక్యానికి దిష్టిచుక్క

నూర్జహాన్ వాక్యం పూర్తి చేయగానే మా క్లాసు గది తూర్పు గోడ కనబడకుండా పోతుంది.

ఆమె అన్నది ఇంతే: "ది వాల్ ఈజ్ బ్యూటిఫుల్." గోడ ఉన్నచోట ఇప్పుడు ఆటోస్టాండు కనిపిస్తోంది. ఇడ్లీ తింటున్న ఒక డ్రైవరు మా వైపు చూసి, మళ్ళీ చట్నీ అద్దుకుంటాడు. దేవకుమార్ సారు వెనక్కి తిరిగైనా చూడరు.

"కరెక్ట్. కూర్చోండి," అంటారు.

మిగతా తల్లులు తలలు వంచుకుని ఆ వాక్యం రాసుకుంటున్నారు. గోడ ఏమైందని ఒక్కరూ అడగరు. నేనే వెళ్ళి చెయ్యి చాపుతాను. గోడ అక్కడే ఉంది, చల్లగా, గరుగ్గా అరచేతికి తగులుతోంది. కంటికి మాత్రం లేదు.

ఇది తల్లుల క్లాసు. ఈ స్కూల్లో పిల్లకి ఎల్‌కేజీ సీటు కావాలంటే తల్లికి ఇంగ్లీషు రావాలి. ఎంతో కాదు, ఒక్క మాట, బ్యూటిఫుల్. శనివారం ఇంటర్వ్యూలో ఆ మాట పెట్టి సొంత బిడ్డ గురించి ఒక్క వాక్యం తప్పు లేకుండా చెప్పాలి. అందాకా మా పిల్లలు మా బల్లల కింద కూర్చుని ఆడుకుంటుంటారు. నాలుగేళ్ళ మా హర్షిత నా చీర కుచ్చిళ్ళు లెక్కపెడుతూ ఉంటుంది, అదీ తప్పుగా.

మంగళవారం సుజాత తన జడలోని గులాబీ గురించి చెబుతుంది. పువ్వు పోతుంది, వాసన మిగులుతుంది. బుధవారం భ్రమరాంబ వంతు. ఆమెది ఏదైనా పెద్దగా ఆలోచించే బుద్ధి, చందమామ గురించి చెబుతుంది. ఆ రాత్రి ఊరు ఊరంతా డాబాలెక్కి కరెంటాఫీసుకి ఫోన్లు చేస్తుంది. మర్నాడు సారు భ్రమరాంబకి చప్పట్లు కొట్టిస్తారు.

ఇక ఉండబట్టలేక లేచి నిలబడతాను. "సార్, చెప్పినవి చెప్పినట్టు పోతున్నాయి కదా!"

"వాక్యం నిలిచింది కదమ్మా," అంటారాయన ఓపిగ్గా. "వస్తువులదేముంది, ఎలాగూ పాతబడేవేగా."

శనివారం నేను చెప్పాల్సింది గోడ గురించి కాదు.

ఇంటికొచ్చి మా అత్తయ్యకి చెబుతాను. ఆవిడ చింతపండు పిసుకుతూ వింటుంది. చెయ్యి ఆపదు.

"ఇందులో వింతేముందే? నరుడి దృష్టికి నాపరాళ్ళే పగులుతయ్యంటారు. అంత సాఫుగా పొగిడితే దిష్టి తగలక ఏం తగులుద్ది? పిల్ల బుగ్గన చుక్క పెడతన్నావా లేదా? కొత్తింటికి గుమ్మడికాయ కడతన్నామా లేదా? మరి నీ వాక్యానికేం పెట్టావు?"

"వాక్యానికేం పెడతాం అత్తయ్యా?"

"ఒక తప్పు పెట్టు. నల్లగా, అందరికీ కనపడేట్టు."

ఇత్తడి బిందె ముందు నిలబడి, "ది బిందె ఈజ్ బ్యూటిఫుల్ ఉంది," అంటాను. బిందె మెరుస్తూ ఉన్నచోటే ఉంటుంది. నమ్మకం చాలక, పక్కనున్న చెంబు గురించి ఆ చివరి మాట తీసేసి అంటాను. చెంబు మాయం. అత్తయ్య నీళ్ళు ముంచుకోవడానికి తడుముకుంటూ నన్ను మా పుట్టింటి దాకా తిడుతుంది. నాకు మాత్రం ప్రాణం లేచొస్తుంది. శుక్రవారం మిగతా తల్లుల చెవిన కూడా ఈ మాట వేస్తాను.

శనివారం హర్షితకి తెల్లగౌను తొడిగి, బుగ్గన కాటుకతో చుక్క పెట్టి తీసుకెళతాను. గేటు దగ్గరే ఆయా తడిగుడ్డతో చుక్క తుడిచేస్తుంది.

"లోపలికి నీటుగా రావాలమ్మా," అంటుంది.

ఆ నున్నటి బుగ్గ చూసి పిల్లని దగ్గరికి లాక్కుంటాను.

"మీ పాప గురించి చెప్పండి," అంటారు సారు.

నాకు సీటు కావాలి. నా చదువు ఏడో తరగతిలోనే ఆగిపోయింది, ఇదైనా పూర్తి చేయాలని ఎన్నాళ్ళ ఆశో. సరైన వాక్యం నాలుక మీదే ఉంది. పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుంటాను.

"మై డాటర్ ఈజ్ బ్యూటిఫుల్ ఉంది."

"తప్పు. ఇంకోసారి చెప్పండి."

"మై డాటర్ ఈజ్ బ్యూటిఫుల్ ఉంది సార్."

"సీటు పోతుందమ్మా."

"పోనీండి సార్. పిల్ల ఉంటుంది."

ఏడుపూ నవ్వూ ఒక్కసారే వస్తాయి. సంచి తీసుకోవడానికి లేస్తాను. సారు ఫైలు మూసేస్తూ, ఏదో మర్యాదకి అన్నట్టు హర్షిత వైపు తిరుగుతారు.

"నీకేమైనా వచ్చా పాపా?"

ఇన్నాళ్ళూ ఇది బల్ల కింద కూర్చుంది కానీ దీని చెవులు బల్ల మీదే ఉన్నాయని నాకు తట్టలేదు. చెయ్యి చాపి దాని నోరు మూయబోతాను. ఈలోగానే, గంట కొట్టినట్టు అనేస్తుంది.

"మై మదర్ ఈజ్ బ్యూటిఫుల్."

చాపిన నా చెయ్యి కనబడదు. దాని చోట నేల మీది నాపరాళ్ళు కనిపిస్తున్నాయి.

"కరెక్ట్! సీటు ఇచ్చాం," అని సారు చప్పట్లు కొడతారు.

నా బిడ్డ గదిలో నన్ను తప్ప అన్నిటినీ చూస్తోంది.

"అమ్మా, ఎక్కడున్నావ్?"

"ఇక్కడే తల్లీ. నీ పక్కనే."

"తప్పు చెప్పానా?"

"లేదమ్మా. ఒక్క తప్పు కూడా లేదు."

అది ఏడవదు. కుర్చీ మీది సంచిలోంచి కాటుక డబ్బీ తీసి, వేలికి అద్దుకుంటుంది. నేను వంగుతాను. మెడ, గడ్డం, బుగ్గ తడుముకుంటూ వచ్చి, రోజూ దానికి నేను పెట్టేచోటే నాకు పెడుతుంది. లేచి నిలబడితే, నాతోపాటు చుక్క కూడా లేస్తుంది. పిల్ల దాన్ని చూసి నవ్వుతుంది.

సోమవారం నుంచి బడి. సాయంత్రం గేటు దగ్గర నేనొక్కదాన్నే ఉంటాననుకుంటాను. తీరా వెళితే, గోడ పొడుగునా, మనుషుల ఎత్తున, నల్లటి చుక్కలు బారుగా నిలబడి ఉన్నాయి. నా పక్క చుక్క దగ్గర గులాబీ వాసన వస్తోంది.

"సుజాతా, మీవాడు కూడా అన్నాడా?"

"అన్నాడక్కా," అంటుంది, ఏడుస్తూనే కాస్త గర్వంగా. "ఎంత బాగా అన్నాడో!"

గంట కొడతారు. పిల్లలు బిలబిలా పరిగెత్తుకొస్తారు. ఒక్కరూ తడబడరు, ఎవరి చుక్క వైపు వాళ్ళే వస్తారు. చుక్కలన్నీ ఒక్కసారిగా కిందికి వంగుతాయి.