మాయ ఏదీ?

ఆమెకి ప్లీడరమ్మ అని పేరు పెట్టింది కూరల బండివాడు. వంకాయ పుచ్చిందా అని అడిగి ఊరుకునే మనిషి కాదు. ఎప్పుడు కోశారు, ఎవరి దగ్గర కొన్నావు, నిన్న మిగిలినవి కాకపోతే తొడిమలెందుకు వాడాయి అని ఒకదాని వెనక ఒకటి అడిగి, చివరికి అతని చేత నిజం కక్కించేది. ఆమె ఏనాడూ కోర్టు గడప తొక్కలేదు. దర్జీ దుకాణంలో కాజాలు కుడుతుంది, అంతే. అయినా ఆ పేరు వీధంతా పాకింది. కన్నకొడుకు కూడా ఏదైనా తప్పించుకోవాలంటే "మా ప్లీడరమ్మ ఒప్పుకోదు" అనేవాడు.

అలాంటి మనిషి ఉన్న ఇంట్లో కోడలు ఏదో దాస్తోంది.

కోడలు నిండు గర్భిణి. మొదటిసారి ఆడపిల్ల. నెలలు నిండాక, జ్వరం లేదు, దెబ్బ లేదు, ఒకరోజు కడుపులో కదలడం మానేసింది. ఎందుకని అడిగితే ఆసుపత్రిలో "అలా జరుగుతూ ఉంటుంది" అన్నారు. చుట్టాలు తలా ఒక కారణం చెప్పి, కాఫీ తాగి వెళ్ళారు. అందుకే ఈ రెండో కడుపుని ఇంటిల్లిపాదీ కళ్ళలో వత్తులు వేసుకుని కాస్తున్నారు. మరి ఆ పిల్ల మధ్యాహ్నం పూట చెప్పాపెట్టకుండా ఎక్కడికి వెళ్తున్నట్టు?

"ఎక్కడికెళ్ళావమ్మాయ్?"

"మిషన్ సూది కొందామని వెళ్ళానత్తయ్యా."

"సూదేదీ?"

"దొరకలేదు."

"ఊళ్ళో సూదులకి కరువొచ్చిందా?"

కోడలు నవ్వేసి వంటింట్లోకి వెళ్ళింది. చెంబు అందుకోవడానికి చెయ్యి చాపినప్పుడు, మోచేతి మడతలో దూది, దాని మీద ప్లాస్టరు ముక్క కనిపించాయి.

"అదేంటి?"

"దోమ కుట్టింది."

"కుట్టి, దూది కూడా అతికించి వెళ్ళిందా?"

కోడలు చెంబు తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది. కొడుకు బస్సు కండక్టరు. ఆ సాయంత్రం అతన్ని నిలదీస్తే కంచంలోంచి తల ఎత్తకుండా "నాకేం తెలీదమ్మా" అన్నాడు. వీడికి తెలుసు అనుకుంది ఆమె. తెలియనివాడైతే తల ఎత్తి, ఏమైందని అడుగుతాడు.

మళ్ళీసారి కోడలు చెప్పులేసుకోగానే ప్లీడరమ్మ వెనకాలే బయల్దేరింది. కోడలు సందులు తిరిగి, పెద్దాసుపత్రి గేటు దాటి, మందుల చీటీలిచ్చే కిటికీ పక్కనుంచి వెనక్కి వెళ్ళింది. అక్కడ కొత్తగా నీలం రంగు వేసిన రెండు గదులున్నాయి. బయట బల్ల మీద కడుపుతో ఉన్న ఆడవాళ్ళు వరసగా కూర్చున్నారు. తలుపు మీద 'తల్లీబిడ్డల ఆరోగ్య పరిశోధన' అని రాసి ఉంది. పరిశోధన అనే మాట ఆమె ఇంతవరకూ పేపర్లో దొంగతనాల వార్తల్లోనే చదివింది. ఇక్కడ దొంగెవరు?

స్తంభం పక్కన నిలబడింది. భుజానికి సంచి తగిలించుకున్న ఒక అమ్మాయి బల్ల మీదున్న వాళ్ళతో వంగి వంగి మాట్లాడుతోంది. మాట్లాడినంతసేపూ నవ్వు మొహమే.

"ఇందులో చేరితే కాన్పుకి మంచం ఖాయమక్కా. పెద్ద డాక్టరమ్మే దగ్గరుండి చూస్తారు. చేరనివాళ్ళ సంగతి నేనేం చెప్పలేను మరి."

ఆ చివరి మాట ప్లీడరమ్మకి ముల్లులా గుచ్చుకుంది. అడగని భరోసా ఇచ్చేవాళ్ళని ఆమె బొత్తిగా నమ్మదు.

ఇంటికొచ్చాక కోడల్ని కూర్చోబెట్టి అడిగింది. కోడలు ఈసారి దాచలేదు.

"నా ఇష్టంతోనే చేరాను. నెలనెలా కాస్త రక్తం తీసుకుంటారు, అంతే."

"ఉన్న రక్తమే అంతంతమాత్రం, అందులోంచి దానధర్మాలా! ఎందుకు చేరావు?"

"ఏదో... చేరాలనిపించింది."

ఆ మాటతోనే లేచి బియ్యం ఏరడానికి చేట అందుకుంది. పక్కవాటాలో ఇస్త్రీ చేసే ఆవిడ మాత్రం చెవిలో ఊదింది. "రక్తం కాదొదినా వాళ్ళకి కావలసింది. కాన్పయ్యాక మాయ పట్టుకుపోతారట. మొహానికి రాసుకునే క్రీముల్లో కలుపుతారట. ఎవరికీ చెప్పకు, నేనూ ఎవరికీ చెప్పలేదు." ఈ సంగతి వీధిలో అప్పటికే అందరికీ తెలుసు.

ఒకరోజు తెల్లవారాక కోడలికి నొప్పులు మొదలయ్యాయి. మధ్యాహ్నానికల్లా పెద్దాసుపత్రిలో మగపిల్లాడు పుట్టాడు. వాడి ఏడుపు వరండా దాకా వినిపించగానే కొడుకు గోడకి ఆనుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. బిడ్డని గుడ్డలో చుట్టి తెచ్చి ప్లీడరమ్మ చేతిలో పెట్టారు. ఎర్రగా, ముడతలు ముడతలుగా, కోపంగా ఉన్నాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుంది. తుడుచుకున్న కళ్ళకి, కాన్పు గదిలోంచి ఆ నవ్వు మొహం అమ్మాయి మూత పెట్టిన తెల్ల డబ్బా పట్టుకుని బయటికి రావడం కనిపించింది.

"సిస్టరమ్మా, మాయ ఏదీ?" అంది నర్సుని.

"పడిపోయిందమ్మా. అంతా బాగుంది."

"పడింది సరే, ఎక్కడుంది?"

"దాంతో మీకేం పని?"

"నాకు పనిలేదు. మీకేం పని మరి?"

నర్సు విసుక్కుని లోపలికి పోయింది. ప్లీడరమ్మ బిడ్డని కొడుకు చేతుల్లో పెట్టి, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని ఆ డబ్బా వెనకాల నడిచింది. అమ్మాయి చక్రాల మంచాలు దొర్లించే ఏటవాలు దారి దిగి, బట్టలుతికే గది దాటి, నీలం గదిలోకి పోయి తలుపు చేరవేసింది. ప్లీడరమ్మ ఆ తలుపు తోసింది.

"పిన్నిగారూ! ఇక్కడికి రాకూడదండీ!"

"మా ఇంటి మాయ రావచ్చు గానీ నేను రాకూడదా? అమ్ముకుంటున్నారా ఏం?"

లోపలి గదిలోంచి డాక్టరమ్మ వచ్చింది. నెరిసిన జుట్టు, చేతులకి తొడుగులు. ప్లీడరమ్మని ఎగాదిగా చూసింది గానీ నవ్వలేదు, కసరలేదు.

"మీ కోడలిదా? రండి, చూద్దురుగాని."

స్టీలు పళ్ళెంలో ఉంది అది. ముదురెరుపు, చేటంత కూడా లేదు, మీద చెట్టు వేళ్ళలా నరాలు. ఇద్దరు పిల్లల్ని కన్నది గానీ ఆవిడ ఎన్నడూ మాయని చూడలేదు.

"బిడ్డకి అన్నం, గాలి అన్నీ దీంట్లోంచే వెళ్ళాయి" అంది డాక్టరమ్మ. "చిన్న చిన్న ముక్కలు కోసి మైక్రోస్కోపులో చూస్తాం. కడుపులో ఉన్నప్పుడు తీసిన రక్తంతో పోల్చి చూస్తాం. కొందరు బిడ్డలు లోపలే ఎందుకు పోతున్నారో, ఇక్కడ ఏమన్నా జాడ ఉందేమోనని."

"దొరికిందా?"

"ఇంకా లేదు."

"ఎప్పటికి దొరుకుతుంది?"

"ఏళ్ళు పట్టొచ్చు. దొరక్కపోవచ్చు కూడా."

"మరి మా ఇంటికేం లాభం?"

"ఏమీ లేదమ్మా."

అబద్ధం చెబితే పట్టుకుందామని వచ్చిన మనిషి పళ్ళెం వంకా డాక్టరమ్మ వంకా మార్చి మార్చి చూసింది. ఇంత సూటిగా చెప్పిందంటే దీని వెనక ఇంకేదో ఉంది అనుకుంది. అప్పుడు ఆ బల్ల దగ్గర విన్న మాట నోటికొచ్చింది.

"లాభం లేకపోతే, చేరితే మంచం ఖాయమని ఆడపిల్లలకి ఆశెందుకు పెడుతున్నారు?"

"అలాగని ఎవరు చెప్పారు?"

ప్లీడరమ్మ నోటితో చెప్పలేదు. ఆ అమ్మాయి వైపు చూసింది. నవ్వు మొహంలో మొదటిసారి నవ్వు లేదు.

"చెప్పావా?" అంది డాక్టరమ్మ.

అమ్మాయి సంచి పట్టీ మెలిపెడుతూ నిలబడింది. "ఎవరూ చేరట్లేదు మేడం. రక్తం అనగానే లేచి వెళ్ళిపోతున్నారు. ఇంకా ఎంతమంది, ఇంకా ఎంతమంది అని పైనుంచి రోజూ ఫోన్లు. నేనేం చెయ్యను?"

డాక్టరమ్మ తొడుగులు తీసేసి స్టూలు మీద కూలబడింది. "చేరినా చేరకపోయినా మంచం ఒకటే, వైద్యం ఒకటే" అంది. "ఆశ చూపించి తీసుకున్న రక్తం నాకు పనికిరాదు. అందర్నీ మళ్ళీ అడగాలి. ముందు మీ కోడల్నే."

వార్డులో కోడలు బిడ్డకి పాలు పట్టించడానికి తంటాలు పడుతోంది. డాక్టరమ్మ పక్కన కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పింది. నీకు తప్పు చెప్పి చేర్చుకున్నారు, వద్దంటే ఇప్పుడే మానుకోవచ్చు, మాయ, రక్తం ఏదీ వాడుకోం అంది. ప్లీడరమ్మ చేతులు కట్టుకుని, వద్దను, వద్దను అన్నట్టు కోడలి వంక చూస్తోంది.

"నేను మంచం కోసం చేరలేదండీ" అంది కోడలు. "మొదటిది పోయినప్పుడు ఎందుకని అందర్నీ అడిగాను. సిస్టరుగారు అలా జరుగుతూ ఉంటుందన్నారు. మా ఆయన దేవుడన్నాడు. అత్తయ్య డాబా మెట్లన్నారు. నేను బట్టలారెయ్యడానికి ఎక్కేదాన్ని."

ప్లీడరమ్మ చేతులు విడిపోయాయి. ఎప్పుడో ఏడుపు మధ్య అనేసి మరచిపోయిన మాట. అన్నావిడ మరచిపోయింది గానీ పడ్డావిడ మరవలేదు.

"ఆ మెట్లవల్లేనా అని అడగడానికే మొదట ఈవిడ దగ్గరికి వెళ్ళాను. మెట్లవల్ల కాదమ్మా అన్నారు. మరెందుకంటే, తెలీదన్నారు. తెలీదని నాతో అన్నది ఈవిడొక్కరే. అందుకని చేరాను. ఇప్పుడూ మానను."

బిడ్డకి పాలు దొరికినట్టున్నాయి, గుటకల చప్పుడు వినిపించింది. ప్లీడరమ్మ మంచం పట్టీ పట్టుకుని నిలబడింది. డాక్టరమ్మ వైపు తిరిగింది.

"అప్పుడు... దాని మాయ చూసుంటే తెలిసేదా?"

"తెలిసేదేమో. ఎవరూ చూడలేదమ్మా."

"పారేశారు."

"అవును."

ప్లీడరమ్మ మంచం మీదికి వంగింది. కొంగుతో కోడలి నుదుటి చెమట తుడిచింది. "నేనన్న మాట తప్పు" అంది, పక్క మంచంవాళ్ళు వింటున్నారని కూడా చూసుకోకుండా. కోడలు ఆ చేతిని తోసెయ్యలేదు.

తరవాత చాలా రోజులు నీలం గదుల్లో కొత్తవాళ్ళని చేర్చుకోలేదు. పాతవాళ్ళని పిలిచి డాక్టరమ్మే స్వయంగా మాట్లాడింది. సగానికి పైగా వెళ్ళిపోయారు. కొందరు తిట్టి మరీ వెళ్ళారు. నవ్వు మొహం అమ్మాయి మళ్ళీ కనపడలేదు. ఫోన్లు చేసినవాళ్ళని ఎవరైనా ఏమైనా అన్నారో లేదో ప్లీడరమ్మ అడిగింది. సరైన జవాబు రాలేదు.

అనుమానం తీరిందా అంటే తీరలేదు. పిల్లాణ్ణి తూకానికి తీసుకెళ్ళి, కోడలు రక్తం ఇచ్చి వచ్చే రోజుల్లో దుకాణానికి సెలవు పెట్టి ఆవిడా వెంట వెళ్ళేది. ఈ సూదెందుకు, ఈ సీసా ఎవరి దగ్గరికి పోతుంది, మా పేరు దాని మీదెందుకు రాశారు అని అడిగేది. డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పేది, తెలియనిదాన్ని తెలియదనేది. ఒకసారి బల్ల మీద కూర్చుని ఉండగా కోడలు మెల్లిగా చెవిలో అంది:

"అత్తయ్యా, ఆ రెండో సీసా ఎందుకో ఆవిడ సరిగ్గా చెప్పలేదు. మళ్ళీ అడగండి."

"నువ్వడుగు" అంది ప్లీడరమ్మ, పిల్లాణ్ణి తన ఒళ్ళోకి తీసుకుంటూ. "నేను వింటుంటాగా."