నిలబెట్టి చేసే ప్రార్థన

గురువారం వస్తుందంటే ఎస్నాత్‌కు ముందురోజు నుంచే నడుం లాగేది. చర్చిలోని స్త్రీల సంఘం వాళ్ళు మధ్యాహ్నం ఆరాధన ముగించుకుని నేరుగా ముచెకె పేటలోని ఆమె ఇంటికి వస్తారు. ఆలోపు భర్తకు ఒళ్ళు తుడవాలి, దుప్పటి మార్చాలి, గదిలో వాసన పోయేలా కిటికీలు తెరవాలి, కరెంటు ఉండగానే టీ కాచి ఫ్లాస్కులో పోయాలి. ఆ తర్వాత తనూ వాళ్ళందరిలాగే ఎర్ర జాకెట్టు, తెల్ల టోపీ వేసుకుని గుమ్మంలో నిలబడాలి. తనూ ఆ సంఘం మనిషే. ఆ జాకెట్టును కూతురు యూనికా పుట్టాక వదులు చేయించింది. ఈ మధ్య మళ్ళీ కుట్లు బిగించింది.

ఆమె భర్త ఫనుయేలు ఒకప్పుడు సరిహద్దు దాకా బస్సు నడిపేవాడు. కాలేయం పాడయింది. ఇక తాము చేయగలిగింది లేదని ఆసుపత్రి వాళ్ళు నొప్పి మాత్రలిచ్చి ఇంటికి పంపారు. అప్పటి నుంచి ఈ ప్రార్థనలు.

ఆ స్త్రీల ప్రార్థనకు ఒక పద్ధతి ఉంది. మనిషి పడుకుని ఉండగా స్వస్థత అడగరు. పడుకున్నవాడి మీద ప్రార్థిస్తే శవం మీద ప్రార్థించినట్టేనని వాళ్ళ నమ్మకం. ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని లేపి నిలబెడతారు. సంఘం పెద్ద మాబెల్ గంట కొట్టగానే అందరూ ఒక్కసారిగా, గొంతెత్తి, ఎవరి మాటల్లో వాళ్ళు అడుగుతారు. మళ్ళీ గంట మోగేదాకా అతను నిలబడే ఉండాలి.

"ఇవాళ నన్ను లేపొద్దని చెప్పు," అన్నాడు ఫనుయేలు, ఆమె వీపు తుడుస్తుంటే.

"చెప్తాను."

"పోయిన వారమూ ఇదే అన్నావు."

ఎస్నాత్ గుడ్డ పిండింది. అతను ఊపిరి తీసుకుని మళ్ళీ అన్నాడు. "బాగుచెయ్యమని అడగడం కూడా చాలించమను. సుఖంగా పోనివ్వమని అడగమను. నాకిక ఓపిక లేదు, యూనికా వాళ్ళమ్మా."

"ఆ మాట నా నోట వస్తే మీ అక్క నన్ను బతకనిస్తుందా?"

ఆ ఇంట్లో ఆడపడుచు సోఫీనా మాటకు ఎదురు లేదని అతనికి తెలియనిది కాదు. ఎస్నాత్ ఒకసారి వంటింట్లో సోఫీనాతో ఈ సంగతి ఎత్తి చూసింది. "మొగుడు పోవాలని మొక్కే ఆడది మా వంశంలో ఇంతవరకు అడుగుపెట్టలేదు," అంది సోఫీనా, జావ కలుపుతూ, తల తిప్పకుండానే.

ఎండ కాస్త వాలాక వాళ్ళు వచ్చారు. గుమ్మం దగ్గర మోకాళ్ళు వంచి, చేతులు తట్టి పలకరించి, గది నిండా సర్దుకున్నారు.

"ఎలా ఉన్నావు, ఫనుయేలన్నా?"

"మీరొచ్చేదాకా బాగానే ఉన్నాను. అందరూ ఒకేసారి అరిస్తే దేవుడికి ఎవరి మాట వినపడుతుంది? కండక్టరు లేని బస్సులా."

"ఆయనకు చెవులు బోలెడున్నాయి, అన్నా. చెప్పినా వినని చెవులు నీవే," అంది ఒకామె. అందరూ నవ్వారు. సోఫీనా నవ్వలేదు. అప్పటికే తమ్ముడి కుడి రెక్క కింద చెయ్యి వేసింది.

ఇప్పుడు చెప్పాలి అనుకుంది ఎస్నాత్. నోరు తెరిచింది కూడా. "పట్టుకో," అంది సోఫీనా. ఎస్నాత్ ఎడమ రెక్క పట్టుకుంది. లేపుతుంటే అతని గొంతులోంచి మూలుగు వచ్చింది. గంట మోగింది.

గది దద్దరిల్లింది. చనిపోయిన లాజరును లేపినవాడా అని ఒకరు, సిలువ మీద గాయపడిన చేతితో ముట్టుకొమ్మని ఒకరు. ఎస్నాత్ కళ్ళు మూసుకుంది. అతని బరువు తన భుజం మీదికి ఒరుగుతోంది. ఇంత గోలలో ఎవరి మాట ఎవరికీ వినపడదు. ఎన్నో వారాలుగా తను అడుగుతున్నదేమిటో దేవుడికి తప్ప ఎవరికీ తెలియదు. అలసట వల్లనో ఏమో, ఆ రోజు ఆమె గొంతు కూడా పైకి లేచింది. గంట మోగింది. అందరూ ఆపేశారు, ఆమెకు మాత్రం గంట వినపడలేదు.

"...ఇక లేపకు తండ్రీ, తీసుకెళ్ళు. చాలు, తీసుకెళ్ళిపో..."

కళ్ళు తెరిచేసరికి అందరూ ఆమెనే చూస్తున్నారు. మాబెల్ చేతిలో గంట అలాగే ఉంది.

"ఏం అడిగావు?" అంది సోఫీనా.

వేరే ఏదో చెప్పి తప్పించుకోవచ్చు. అబద్ధం అల్లడానికి కూడా ఓపిక కావాలి. "విన్నావుగా, వదినా. తీసుకెళ్ళమని అడిగాను."

"మా తమ్ముణ్ణి పట్టుకుని, నా పక్కనే నిలబడి."

"నేనే అడగమన్నాను, అక్కా," అన్నాడు ఫనుయేలు. "కాళ్ళు వణుకుతున్నాయి. ముందు నన్ను కూర్చోబెట్టండి, తర్వాత తీరిగ్గా పోట్లాడుకోండి."

ఎవరికో నవ్వు వచ్చి ఆగిపోయింది. ఎస్నాత్ వంగబోయింది. సోఫీనా మాత్రం రెక్క వదల్లేదు. ఆమె వదిలితే తప్ప అతను కూర్చోలేడు.

"అమ్మ పోతూ పోతూ నిన్ను నా చేతిలో పెట్టింది," అంది సోఫీనా. "రేపు పైన ఆమెకేం చెప్పుకోను?"

"బాగా అలిసిపోయాడని చెప్పు," అన్నాడు ఫనుయేలు.

సోఫీనా తమ్ముడి ముఖంలోకి చూసింది. ప్రార్థనప్పుడు ఎప్పుడూ కళ్ళు మూసుకునే ఉండేది. నిలబడిన మనిషి ముఖం ఎలా ఉంటుందో ఇంతకుముందు చూసి ఉండదు. పెదవులు తెల్లబారాయి. గడ్డం మీద చెమట. ఆమె రెక్క కింది చేతిని మెల్లగా వీపు వెనక్కి జార్చి, బరువంతా తన మీద వేసుకుని, అతణ్ణి మంచం మీదికి దించింది.

"తలగడ సరిచెయ్యి," అంది ఎస్నాత్‌తో.

మాబెల్ గొంతు సవరించుకుంది. "మరి ఇప్పుడేం అడగమంటారమ్మా?"

సోఫీనా మంచం పక్కన నేల మీద మోకరిల్లింది. ఒకరిని చూసి ఒకరు మిగతావాళ్ళూ కూర్చున్నారు.

"నువ్వు మొదలుపెట్టు," అంది సోఫీనా, మరదలి వైపు చూడకుండా. "నావల్ల కాదు. నీ వెనకాల నేనూ అంటాను."

గది అంత నిశ్శబ్దంగా ఉంటే ఎస్నాత్‌కు మాటలు దొరకలేదు. గోలలో ఎంత తేలిగ్గా వచ్చేవి. ఫనుయేలు కళ్ళు మూతపడుతున్నాయి.

"ఆయనకు నిద్ర రానివ్వు, తండ్రీ," అంది చివరికి.

సోఫీనా దుప్పటిని తమ్ముడి గుండెల దాకా లాగింది. తర్వాత ఆ మాటే అంది.