ప్రెసిడెంటుగారి నమ్మకం

వరసగా నాలుగు ఆటలు ఓడాక మా కాలేజీ ప్రెసిడెంటు హోల్గర్ స్వెన్సన్ నన్ను పిలిపించాడు. గతేడాదే వచ్చాడు. అంతకుముందు చర్చిలో పాస్టరు. హెల్మెట్లు పెట్టుకుని గుద్దుకునే మా ఫుట్‌బాల్ సంగతి ఆయనకు బొత్తిగా తెలియదు.

"కోచ్‌గారూ, మీ ఇంటిముందు 'ఇల్లు అమ్మబడును' అని బోర్డులు పాతారటగా?"

"ఓడితే ఊరివాళ్ళు పాతుతారు, ఊరు వదిలి పొమ్మని. గెలిస్తే పీక్కుపోతారు. శనివారం గెలిస్తే నా ఉద్యోగం ఉంటుంది, లేకపోతే ఊడుతుంది. మీరు మాత్రం నోరు విప్పకండి. అదొక్కటే అడుగుతున్నా."

తల ఊపాడు. మర్నాడు పేపర్లో మొదటి పేజీ మీద పెద్ద అక్షరాలు: 'కోచ్ వెర్నన్ హాస్ మీద నాకు సంపూర్ణ విశ్వాసం ఉంది: ప్రెసిడెంటు'.

మా నెబ్రాస్కాలో మొక్కజొన్న కోసేవాడికి కూడా తెలుసు, ఆ మాట వచ్చిందంటే కోచ్‌ని సాగనంపుతున్నారని. ఉంచుకునేవాణ్ణి గురించి ఎవరూ ప్రకటనలివ్వరు. పెళ్ళాన్ని వదిలెయ్యనని ఊరంతా చాటేవాణ్ణి ఎవరు నమ్ముతారు?

మధ్యాహ్నం ప్రాక్టీసుకి వెళ్తే నా సహాయకుడు డ్వేన్ లేడు. ముందువరస కుర్రాళ్ళని తయారుచేసేది అతనే. ట్రక్కులో కూర్చుని ఫోన్ మాట్లాడుతున్నాడు.

"ఎవరితో?"

"మా బావమరిదితో."

"మీ బావమరిది పోయాడు, డ్వేన్. శవపేటిక మోసినవాళ్ళలో నేనూ ఉన్నా."

డ్వేన్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "పేపర్లో ఆ మాట చూశాను. పక్క రాష్ట్రం అయోవాలో ఉద్యోగం ఖాళీ ఉందట, కోచ్. నాకు పిల్లలున్నారు. నీకేం, ఒంటికాయ శొంఠికొమ్మువి."

నిజమే. నా భార్య మార్లిస్ చనిపోయిన వారం కూడా నేను శనివారం ఆట ఆడించి, ఆదివారం ఆమెను పూడ్చాను. అప్పుడు శభాష్ అన్న ఊరే ఇప్పుడు బోర్డులు పాతుతోంది.

శనివారం అవతలివాళ్ళు ఎడమపక్కనుంచే దూసుకొచ్చారు. మా కుర్రాళ్ళు కుడివైపు చూస్తూ నిలబడ్డారు. బంతి విసిరేవాడు లేచిన ప్రతిసారీ మళ్ళీ పడ్డాడు.

"ఎడమనుంచి వస్తారని చెప్పావా లేదా?" అని విరామంలో డ్వేన్ మీద అరిచాను.

"చెబుదామనుకునేలోగా అయోవావాళ్ళు ఫోన్ చేశారు."

చిత్తుగా ఓడాం.

ఆదివారం చర్చి అయ్యాక ప్రెసిడెంటు మా గుమ్మంలో నిలబడ్డాడు. టోపీ చేతిలో నలుగుతోంది.

"ట్రస్టీలు వినలేదు, కోచ్‌గారూ. రేపటినుంచి మీరు రానక్కర్లేదు. కానీ పేపర్లో ఆ మాట నేను మనస్ఫూర్తిగా అన్నాను. మీకు మేలవుతుందనుకున్నా."

"నోరు విప్పొద్దని చెప్పాను."

"మీవాళ్ళు ఇలా అర్థం చేసుకుంటారని నాకెలా తెలుస్తుంది?"

"తెలియకే కదా చెప్పింది!"

టోపీ తలమీద పెట్టుకున్నాడు. "మీకోసం ప్రార్థన చేస్తాను."

"మనసులో చేసుకోండి," అని తలుపు వేసుకున్నాను.