పచ్చరంగు గంట

మా డిపార్టుమెంటు నోటీసు బోర్డు నాది. గోడ యూనివర్సిటీదే కావచ్చు, బోర్డు మాత్రం నాది. ఆగ్నేయాసియా అధ్యయనాలు చదివే పిల్లలకు ఎక్కడ సదస్సు జరిగినా, ఏ దేశంలో వేసవి భాషా తరగతులు పెట్టినా, ఎవరు ఏ ఫెలోషిప్పు ఇచ్చినా ఆ కాగితం ముందు నా చేతికే వస్తుంది. నేను దాన్ని చదివి, గడువు తేదీ కింద ఎర్రగీత గీసి, నాలుగు మూలలా గుండుసూదులు గుచ్చుతాను. ఇంత చేసినా గడువు దాటిన మర్నాడు పొద్దున్నే ఎవడో ఒకడు వచ్చి, "అక్కా, అదేదో అవకాశం ఉందటగా?" అంటాడు. ఇల్లు కాలాక బావి తవ్వే బాపతు.

నేను ఇరవయ్యారేళ్లుగా ఇక్కడ ఆఫీసు అసిస్టెంటుని. నన్ను మాత్రం అందరూ గంటక్క అంటారు. ఏటా జరిగే విద్యార్థి సదస్సులో సమయం చూసి గంట కొట్టేది నేనే కాబట్టి. ఒక దెబ్బ కొడితే ఐదు నిమిషాలున్నట్టు. రెండు కొడితే ఒక్క నిమిషం. మూడు కొడితే ఇక దిగమని. ఆ గంట చూడ్డానికి బోర్లించిన లోహపు గిన్నెలా ఉంటుంది, నడినెత్తిన ఒక బొడిపె. బీరువాలకు రంగు వేసినవాడెవడో మిగిలిన పచ్చరంగు దానిక్కూడా పూసి పోయాడు. దాన్ని ఇనప చట్రానికి తీగతో వేలాడదీసి, నా క్యారేజీ చెంచాతో అంచు మీద కొడతాను. ఠంగుమంటుంది. అది ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు. నేను చేరేనాటికే ఉంది. మిగతా రోజుల్లో నా బల్ల సొరుగులో తాళం కింద ఉంటుంది. నా సొరుగు ముట్టుకునే ధైర్యం మా హెడ్డుకు కూడా లేదు.

మా కోడలు మా డిపార్టుమెంటులోనే పరిశోధన చేస్తోంది. ఆ సంబంధం నేను చూసింది కాదు. కళ్లద్దాల దుకాణం నడిపే మా అబ్బాయి ఒకరోజు నేను మరిచిపోయిన క్యారేజీ పట్టుకొచ్చాడు. మర్నాడు నేను మరిచిపోని గొడుగు పట్టుకొచ్చాడు. మూడో రోజు ఉత్త చేతులతోనే వచ్చి, నోటీసు బోర్డు ముందు గంటన్నర నిలబడ్డాడు. వేసవి భాషా తరగతుల మీద వాడికంత ఆసక్తి ఎందుకో అప్పుడు అర్థమైంది.

పెళ్లయిన రోజే కోడలికి ఖరాఖండిగా చెప్పాను, ఆఫీసులో నన్ను మేడమ్ అనాలి, ఇంట్లో అత్తయ్యా అనాలి అని. ఆ పిల్ల రెండూ తూచా తప్పకుండా పాటించింది. పెద్దగా నోరు విప్పే మనిషి కాదు. కూరలో ఉప్పు తక్కువైందని చెప్పడానికి అరపూట ఆలోచిస్తుంది. తన పరిశోధన ఏదో దీవుల సంగీతం గురించని తెలుసు. రెండు మూడుసార్లు వంటింట్లో నాకు చెప్పబోయింది. నేను పొయ్యి మీద పాలు చూసుకుంటూ ఊఁ కొట్టాను. నాలుగోసారి చెప్పలేదు.

పోయినేడు జరిగింది చెప్పుకోవడానికి నాకు సిగ్గే, అయినా చెబుతాను. ఆ దీవులకు వెళ్లి పది నెలలుండి చదువుకునే ఫెలోషిప్పు ఒకటి వచ్చింది. ఇచ్చేవాళ్ల తరఫున ఒకావిడ మా సదస్సుకు వచ్చి, నలుగురు పిల్లల పేపర్లు విని ఒకరిని ఎంచుకుంటుంది. ఎంపికావిడ అని పేరు పెట్టుకున్నాం. పన్నెండింటికల్లా ఆవిడ రైలుకు బయల్దేరాలి. మా కోడలిది నాలుగో వంతు. ముందుగా స్వాగతం పలకడానికి పెద్దాయన లేచాడు. ఈయన రిటైరైన హెడ్డు. నాకు ఉద్యోగమిచ్చినాయన. కార్యక్రమంలో ఆయనకు పది నిమిషాలని వేశాం. యాభై ఐదు నిమిషాలు మాట్లాడాడు. చెంచా నా చేతిలోనే ఉంది, చెయ్యి మాత్రం లేవలేదు. మిగతా ముగ్గురూ వాళ్ల వాటా వాళ్లు తీసుకున్నారు. మా కోడలు లేచేసరికి పన్నెండుకు మూడు నిమిషాలు. హెడ్డు నాకు సైగ చేశాడు. నేను మూడు దెబ్బలు కొట్టాను.

కొట్టాల్సినాయనకు కొట్టలేదు, కొట్టకూడని పిల్లకు కొట్టాను.

ఆ పిల్ల గంట వైపే చూస్తూ కాసేపు నిలబడి, కాగితాలు సర్దుకుని దిగిపోయింది. ఇంటికొచ్చాక ఒక్క మాట అనలేదు. రెండు తిట్లు తిట్టినా బాగుండేది. మా అబ్బాయి మాత్రం, "అమ్మా, నీ వాచీ బాగానే నడుస్తోందా?" అన్నాడు. ఏడాది పాటు ఆ మాట నన్ను వదల్లేదు.

లైబ్రరీ చూసే ఆవిడ ఊరుకుంటుందా? "ఎంతైనా అత్త అత్తే. పిల్ల ఎక్కడ ఎగిరిపోతుందోనని గంట కొట్టేసింది" అని రెండంతస్తులూ చాటింది. కుండ మూతికి మూకుడు పెట్టగలం గానీ లోకం మూతికి పెట్టలేం కదా. పైగా ఆ పిల్ల పది నెలలు ఇంట్లో ఉండదంటే నాకు దిగులు కలిగిన మాట నిజం. ఆవిడ మాటలో ఆవగింజంత నిజం ఉందేమోనని నాకే అనుమానం వచ్చి, మరీ ఒళ్లు మండింది.

ఈ ఏడు మళ్లీ అదే నోటీసు వచ్చింది. మూడో ఏడు దాటితే అర్హత లేదని అందులో ఉంది. మా కోడలిది మూడో ఏడే. ఇది తప్పితే ఇంకేం లేదు. నేనే గుచ్చాను, నేనే ఎర్రగీత గీశాను. గీస్తూ ఒట్టు పెట్టుకున్నాను, ఈసారి బ్రహ్మదేవుడు మైకు పట్టుకున్నా సరే, పదో నిమిషంలో దింపేస్తానని.

సదస్సు రోజు వచ్చింది. హాల్లో నలభై కుర్చీలు, అందులో ఒకటి కుంటిది. దాన్ని ముందే లైబ్రరీ ఆవిడకు వేశాను. గోడ గడియారం ఏడు నిమిషాలు వెనక నడుస్తుంది కనుక నా చేతి వాచీయే ప్రమాణం. తొమ్మిదిన్నరకు పెద్దాయన లేచి, "రెండే రెండు ముక్కలు చెప్పి కూర్చుంటాను" అన్నాడు.

ఐదో నిమిషంలో ఒక దెబ్బ కొట్టాను. ఆయన ఆగి కిటికీ వైపు చూసి, "ఎవరో గిన్నెలు పడేస్తున్నారు" అన్నాడు. తొమ్మిదో నిమిషంలో రెండు కొట్టాను. "టీ వచ్చినట్టుంది, కాసేపు బయటే ఉంచమనండి" అన్నాడు. పదో నిమిషంలో మూడు కొట్టేసరికి ఆయన నలభై ఏళ్ల కిందటి తన మొదటి ఓడ ప్రయాణంలో ఇంకా ఓడ ఎక్కుతున్నాడు. నేను ఆపలేదు. ఆయన ఊపిరి తీసుకున్నప్పుడల్లా ఒకటి వాయించాను. హెడ్డు తల వంచుకుని కార్యక్రమం కాగితంలో అచ్చుతప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

"ఏమ్మా, నాకేనా?" అన్నాడు చివరికి పెద్దాయన.

"మీకేనండి."

"నాకా!"

"మీకే. దయచేసి ఓడ దిగండి."

హాలంతా ఘొల్లుమంది. ఆయన ముఖం ముడుచుకుని కూర్చున్నాడు.  తర్వాత ముగ్గురు పిల్లలూ రెండో దెబ్బకే ముగించేశారు. పెద్దాయనకే పడ్డాక తామెంత అనుకున్నారు కాబోలు.

ప్రశ్నలూ టీ అయ్యాక, పదకొండూ ఇరవైకి మా కోడలు లేచింది. ఇరవై నిమిషాలు నిండుగా దాని సొంతం. మొదట్లో గొంతు కొంచెం తడబడినా తర్వాత నిలదొక్కుకుంది. దక్షిణ ఫిలిప్పీన్సు దీవుల్లో గిన్నెల్లాంటి గంటలు ఎనిమిదింటిని వరుసగా పేర్చి వాయిస్తారట. ఏ వరుస శ్రుతి ఆ వరుసదే, ఒకదానితో ఒకటి కలవదట. "ఇప్పుడు వినండి" అని రికార్డింగు నొక్కింది. కంప్యూటరు కిక్కురుమనలేదు.

హెడ్డు వచ్చి ఒక తీగ పీకాడు, లైట్లు పోయాయి. మళ్లీ గుచ్చాడు, లైట్లు వచ్చాయి గానీ శబ్దం రాలేదు. లైబ్రరీ ఆవిడ ప్లగ్గులో ఊదింది. ఈ సంబడమంతా అయ్యేసరికి కోడలి వంతులో తొమ్మిది నిమిషాలు గడిచిపోయాయి. పోయిన సమయం తిరిగివ్వడం నా నియమాల్లో లేదు. నా వాచీ ఎవరి కోసమూ ఆగదు. 

"పోనీలేమ్మా, శబ్దం లేకపోతే ఏం? మిగతాది చదివెయ్యి" అంది ఎంపికావిడ, రైలు టిక్కెట్టు సంచిలో సర్దుకుంటూ.

"శబ్దం లేకపోతే నా పేపరే లేదండీ" అంది మా కోడలు. తర్వాత నా వైపు తిరిగింది. "అత్తయ్యా."

ఇక్కడ మేడమ్ అనాలని గుర్తుచేయబోయాను. ఆ ముఖం చూశాక మానేశాను.

"అత్తయ్యా, మీ గంట కొట్టండి."

"ఇంకా పదకొండు నిమిషాలుంది. ఎలా కొడతాను? కొడితే నువ్వు దిగాలి."

"టైముకి కాదు అత్తయ్యా. ఆ అంచు మీద కాదు, ఉత్త చెంచాతోనూ కాదు. ఆ బొడిపె మీద కొట్టాలి. నేను చెబుతున్న గంట అదే. పోయినేడు నన్ను దింపేసినప్పుడు దాన్నే చూస్తూ నిలబడ్డాను. ఏడాదిగా అడగాలనుకుంటున్నా. అడిగితే ఆ రోజు మాట ఎత్తాల్సొస్తుందని ఊరుకున్నా. ఇలా ఇవ్వండి, చూపిస్తా."

 నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆగ్నేయాసియా చదివినవాళ్లు ఇంతమంది ఇరవయ్యారేళ్లుగా ఆ గంట దెబ్బకు లేచి, ఆ గంట దెబ్బకు కూర్చున్నారు. అదేమిటని ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు. కనీసం పొయ్యి దగ్గర చెవి ఒగ్గి ఉంటే నాకైనా తెలిసేది.

గంట ఇచ్చేస్తే ఈ హాల్లో ఎవరినీ ఆపడం ఇక నా తరం కాదు. అయినా తీగ విప్పి, గంటను రెండు చేతులా పట్టుకెళ్లి కోడలి ముందు పెట్టాను. నా చేతిరుమాలు అడిగి చెంచాకు చుట్టింది. నోటీసుల కట్ట నుంచి రబ్బరు బ్యాండు తీసి నేనే బిగించాను. బొడిపె మీద మెల్లగా ఒక్కటి కొట్టింది.

ఇన్నేళ్లూ నా చేతిలో ఠంగుమన్న వస్తువేనా అది! బొంయ్యిమని లోతుగా మొదలై, గదంతా నిండి, కుర్చీ చేతుల్లోకి కూడా పాకింది. ఎంపికావిడ టిక్కెట్టు సంచి కింద పెట్టేసింది. ఆ మోత పూర్తిగా అణగేదాకా ఎవరూ కదల్లేదు.

"ఇది ఏదో ఒక వరుస నుంచి విడిపోయిన గంట. మిగతా ఏడూ ఎక్కడ ఉన్నాయో తెలీదు. వాటిని దీని గొంతు పట్టుకుని వెతకొచ్చా అన్నదే నా ప్రశ్న" అంది కోడలు.

సరిగ్గా అప్పుడు పెద్దాయన లేచాడు. "ఆగండాగండి! అది నేను తెచ్చిందే! ఆ మొదటి ఓడలో..." అని మళ్లీ ఓడ ఎక్కేశాడు. ఎంపికావిడ కూడా ఆయన వైపు తిరిగింది.  నా చేతిలో గంట లేదు, చెంచా లేదు. 

మా కోడలు నింపాదిగా రబ్బరు బ్యాండు తీసింది. రుమాలు విప్పి మడిచి పక్కన పెట్టింది. గంట ఎత్తి పట్టుకుని, ఉత్త చెంచాతో అంచు మీద ఠంగు ఠంగు ఠంగుమని మూడు దెబ్బలు కొట్టింది.

"సర్, నాకింకా ఎనిమిది నిమిషాలుంది. మీ ఓడ కథ నాకు కావాలి. మీ ఇంటికొచ్చి మొత్తం రాసుకుంటా. ఇప్పుడు మాత్రం కూర్చోండి."

పెద్దాయన కూర్చున్నాడు. "అత్తా కోడళ్లు ఇద్దరూ ఇద్దరే" అని గొణిగాడు. ఆ మాట లైబ్రరీ ఆవిడ చెవిన కూడా పడాలని నేను కోరుకున్నాను. పడింది. ఉలిక్కిపడి కుంటి కుర్చీతో సహా పక్కకు ఒరిగింది.

కోడలు పందొమ్మిదో నిమిషంలో ముగించింది. రెండు వారాలకు ఫలితం కాగితం వచ్చింది, ఎప్పట్లాగే ముందు నా చేతికి. దాన్ని బోర్డు మీద ఎనిమిది గుండుసూదులతో గుచ్చాను. పెద్దాయన ఓడ కథ రాసుకోవడానికి కోడలికి మూడు రోజులు పట్టింది. ఆయన ఆ గంటను రేవులో ఒక పాత సామాన్ల కొట్లో కొని, ఓడలో సబ్బుగిన్నెగా వాడాడట. ఆ రేవు పేరు దొరికినందుకు ఈ పిల్ల సంబరం అంతా ఇంతా కాదు.

ఇప్పుడు గంటకు పచ్చరంగు గోకించి అద్దాల పెట్టెలో పెట్టారు. తాళం నా దగ్గరే. హెడ్డు నాకు మరో గంట కొనిచ్చాడు. అరచేత్తో నొక్కితే టింగుమంటుంది, దానికో పౌరుషమూ లేదు పాడూ లేదు.

కోడలు బయల్దేరే ముందు అదే హాల్లో వీడ్కోలు పెట్టారు. మనిషికి మూడు నిమిషాలు. పెద్దాయన రెండింటికే ముగించి, సరిపోయిందా అన్నట్టు నా వైపు చూశాడు. చివర కోడలు లేచింది. మొదట ఆ గంట గురించి చెప్పింది. తర్వాత ఆ దీవుల గురించి, తను ఎవరి దగ్గర నేర్చుకోబోతోందో వాళ్ల గురించి చెప్పింది. తర్వాత నా బీపీ మాత్రలు ఏ డబ్బాలో పెట్టిందో, మా ఆయనకు ఆయన మాత్రలు ఏ పూట గుర్తుచేయాలో కూడా మైకులోనే చెప్పేసింది. ఇంట్లో ఏడాది మొత్తం కలిపినా అన్ని మాటలు అని ఉండదు. నేను ఈసారి ఊఁ కొట్టలేదు, విన్నాను. వాచీ వైపు చూస్తే పదకొండు నిమిషాలు దాటింది.

లైబ్రరీ ఆవిడ మోచేత్తో పొడిచింది. "గంటక్కా, టైము అయిపోయి చాలాసేపయింది. నొక్కవేం?"

"నా వాచీ ఆగిపోయింది" అన్నాను.