కొంబును కాల్చిన వేడి

ఉత్తరపు సముద్రతీరాన ఉన్న అబషిరి ఊళ్లో ఆ ఉదయం ఈదురుగాలి కిటికీలను పట్టి ఊపేస్తోంది. నాగిసకు కాలు ఒకచోట నిలవడం లేదు. టీ కాచుకుంది, తాగడం మరిచిపోయింది. భర్త షున్‌పెయ్ ట్యూనా చేపల వేటకు పోతూ తన పెంపుడు పాము కొంబును ఆమె చేతుల్లో పెట్టాడు. అప్పటినుంచీ ఏ పనిలో ఉన్నా మనసు పాముండే గాజుపెట్టె చుట్టూనే తిరుగుతోంది.

మళ్లీ వెళ్లి చూసింది. రోజూ వెచ్చటి మూలన చుట్టుకుని పడుకునే కొంబు ఇవాళ అవతలి చివర గోడకు అంటుకుపోయి, తల పైకెత్తి ఉంది. లోపల చెయ్యి పెట్టి, చురుక్కుమనడంతో వెనక్కి లాక్కుంది. వెంటనే ప్లగ్ పీకేసింది.

పెట్టె అడుగున అంటించిన హీటింగ్ మ్యాట్‌ను అదుపులో పెట్టేది థర్మోస్టాట్. వేడిని పసిగట్టే దాని సన్నటి తీగ మ్యాట్‌కు అంటుకుని ఉండాలి. అది ఊడి, బయట చలిగాలిలో వేలాడుతోంది. ఇంకా చలిగానే ఉందనుకుని థర్మోస్టాట్ మ్యాట్‌ను ఆపకుండా వేడెక్కిస్తూ పోయింది. కొంబు పొట్ట కింద పొలుసులు ఎర్రగా కమిలాయి.

"అత్తయ్యా! కొంబుకు కాలింది!"

అత్త తోమియె వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. ఆ పురుగు ఉన్న గదిలోకి చచ్చినా రానని ఒట్టేసిన మనిషి. "పశువుల డాక్టర్‌కు ఫోన్ చెయ్యవేం? చూస్తూ నిలబడితే మానుతుందా?"

కాలినచోట ఏమీ రాయకుండా, దారిలో చలి తగలకుండా తెమ్మన్నారు డాక్టర్. పామును గుడ్డసంచిలో వేసి అట్టపెట్టెలో పెట్టారు. తోమియె తన పక్కలో పెట్టుకునే వేడినీళ్ల సీసాను తువ్వాలులో చుట్టి, సంచికి తగలకుండా ఓ పక్కన సర్దింది.

"మీరెందుకు అత్తయ్యా, ఈ గాలిలో?"

"నువ్వు బండి నడుపుతుంటే పెట్టెను ఎవరు పట్టుకుంటారు, మీ ఆయనా?"

కారు మంచు మీద మెల్లగా పోతోంది. ఒళ్లో పెట్టెను సర్దుకుంటూ తోమియె గొణిగింది.

"నిన్న నువ్వు బజారుకు వెళ్లినప్పుడు అది ముడుచుకుపోయి కనిపించింది. చలేస్తోందేమోనని నా పాత బొంత పెట్టె చుట్టూ దోపాను. నీకు తెలిస్తే నవ్వుతావని పొద్దున్నే తీసేశాను. ఆ తీగ అప్పుడే ఊడి ఉంటుంది."

నాగిసకు చర్రున కోపం వచ్చింది. పక్కకు చూస్తే, అత్త పెట్టెను రెండు చేతులతో పొదివి పట్టుకుని ఉంది. నాగిస కారు హీటర్‌ను కాస్త పెంచింది.

కాలింది పైపైనే అన్నారు డాక్టర్. రోజూ మందు రాయాలి, అడుగున శుభ్రమైన కాగితం పరచాలి. తీగను పెట్టె బయట, మ్యాట్‌కూ గాజుకూ మధ్య గట్టిగా అంటించి, రెండు చివర్లా థర్మామీటర్లు పెట్టాలి. సగం పెట్టె ఎప్పుడూ చల్లగానే ఉండాలి, వేడెక్కితే పాము తప్పుకోవడానికి.

పడవ ఏదో రేవు చేరిన రోజు షున్‌పెయ్ ఫోన్ చేశాడు. "కొంబు ఎలా ఉంది?"

"పొట్ట కాలింది. నేను చూసుకోవాల్సింది..." నాగిస మాట పూర్తికాకముందే తోమియె ఫోన్ లాక్కుంది.

"నాగిసను ఏమీ అనకు. కాల్చింది నేను. మందు రాస్తున్నదీ నేనే. నిన్న కొంబు ఎలుకను మింగింది కూడా. ఒరేయ్, ఈ పురుగు నా చెయ్యి చుట్టుకుంటే వదలదేంట్రా?"