నిలబడ్డ వేగం

పూల మార్కెట్లో వేలం పాడే మనిషికి గొంతే ఆస్తి. పిట్ట వాళ్ల నాన్న ఆ ఆస్తితోనే ఏళ్ల తరబడి బతికాడు. తెల్లారగానే చెక్క మెట్టెక్కి మొదలుపెడితే ఆఖరి బకెట్టు అమ్ముడయ్యేదాకా నోరు మూసేవాడు కాదు. ఇంట్లోనూ అదే తంతు. తలుపు వెయ్యమని చెప్పినా వేలం పాడుతున్నట్టే ఉండేది.

అలాంటి మనిషికి గొంతులో పుండు లేచింది. ఆపరేషన్ చేసి డాక్టర్లు ప్రాణం నిలబెట్టారు గానీ గొంతు నిలబెట్టలేకపోయారు. ఒక గుసగుస మాత్రం మిగిలింది. పక్కన కూర్చుంటే వినిపిస్తుంది, ఫ్యాను తిరిగితే అదీ వినిపించదు. ఇంటికి ఎవరైనా వస్తే ఆయన లోపలి గదిలోకి వెళ్లిపోవడం మొదలైంది.

పిట్ట అన్నది అసలు పేరు కాదు. చిన్నప్పుడు గలగలా వాగేదని ఆయనే అలా పిలిచాడు, అదే నిలిచిపోయింది. ఇప్పుడామె ఒక స్టూడియోలో సౌండ్ ఎడిటర్. గుసగుసను మైకుతో పట్టి, అప్పటికప్పుడు పాత గొంతులోకి మార్చే ప్రోగ్రాం ఒకటుందని తెలిసింది. ఇంట్లో ఉన్న తన డెస్క్‌టాప్‌లో దాన్ని పెట్టి, నాన్న గొంతు నేర్పించింది. మార్కెట్ ఆఫీసులో పాత వేలంపాటల రికార్డింగులు కావలసినన్ని దొరికాయి. చిక్కల్లా ఒక్కటే. వాటిలో ఆయన మామూలుగా మాట్లాడిన ముక్క ఒక్కటీ లేదు.

మొదటిసారి ఆయన మైకు ముందు కూర్చుని భార్య వైపు చూసి పెదాలు కదిపాడు. స్పీకరు ఇల్లదిరేలా అరిచింది.

"కాసిని మంచినీళ్లు ఇస్తావా."

ఆమె ఉలిక్కిపడి, తేరుకుని, నవ్వుతూ కళ్లు తుడుచుకుంది. "ఇస్తాను గానీ, ఇక్కడ నాతో పోటీకి ఎవరూ లేరండీ."

ఆ సాయంత్రమే ఆయన భార్యను ఎదురుగా కూర్చోబెట్టుకుని ఏదో పెద్ద మాటే ఎత్తుకున్నాడు. "ఆపరేషన్ బల్ల మీద పడుకున్నప్పుడు నాకేమనిపించిందో తెలుసా…" అంతవరకు బాగానే వచ్చింది. ఆ తర్వాత గొంతు సాగింది, ముద్దముద్దగా అయింది, తాగినవాడి మాటలా తడబడి ఆగిపోయింది.

"మిగతాది రేపు చెబుదురులెండి" అందామె, నొచ్చుకుంటాడేమోనని.

నొచ్చుకోనే నొచ్చుకున్నాడు. మైకు తీసి బల్ల మీద పెట్టి లేచాడు. మర్నాడు దాని జోలికి పోలేదు, ఆ మర్నాడూ పోలేదు.

తప్పు ఎక్కడుందో పిట్టకు తెలుసు. ప్రాసెసరుది ఆరంభశూరత్వం. పని తగలగానే బూస్ట్ అని లేడిలా ఉరుకుతుంది. పొట్టి మాటకు ఆ ఊపు చాలు. మాట సాగేకొద్దీ వేడెక్కి, తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. అక్కడినుంచి నాన్న పెదాలు ముందు, గొంతు వెనక. ఆయనా, పొట్టిగా మాట్లాడే మనిషి కాదాయె.

ముందు సెట్టింగుల్లోకి వెళ్లి కరెంటుకున్న పరిమితి ఎత్తేసింది. ప్రాసెసరు ఇంకా రెచ్చిపోయి, ఇంకా త్వరగా వేడెక్కి చతికిలబడింది. మోత వినపడకూడదని కంప్యూటరు డబ్బాను బల్ల కింది చెక్క అరలో పెట్టి తలుపు వేసేదాన్నని అప్పుడు గుర్తొచ్చి తల కొట్టుకుంది. డబ్బా బయటికి తీసింది. ప్రాసెసరు మీద ఎండి పెచ్చులు కట్టిన, వేడిని లాగే పేస్టు తుడిచి కొత్తది రాసి, అరచేతికంటే పెద్ద ఫ్యాన్లున్న కూలరు బిగించింది. వోల్టేజీ కొద్దికొద్దిగా తగ్గిస్తూ పోయింది. అత్యాశకు పోయి మరో మెట్టు దించితే మిషను మొత్తంగా ఆగిపోయింది. బుద్ధిగా వెనక్కి వచ్చింది.

వేడి తగ్గింది గానీ ఫ్యాన్ల హోరు మైకులోకి చేరి గుసగుసను మింగేసింది. పొడుగాటి తీగలు తెచ్చి డబ్బాను పక్కగదిలోకి పంపింది. ఆఖరికి శిఖరవేగం మీద ఆశ వదిలేసి, దానికంటే కాస్త కింద, ప్రాసెసరులోని అన్ని కోర్లూ అలుపు లేకుండా పట్టుకోగల వేగం దగ్గర మేకు కొట్టినట్టు ఆపింది. మండుటెండలో, కిటికీలు మూసిన గదిలో, పొద్దుగూకేదాకా పాత వేలాలన్నీ దానికి వినిపించి పరీక్షించింది. గొంతు ఎక్కడా సాగలేదు.

"అయితే ముందుకంటే మెల్లగా నడుస్తోందా?" అని అడిగింది తల్లి.

"మెల్లగా కాదమ్మా. ముందు ఉరికి కూలబడేది. ఇప్పుడు ఒకటే వేగం, ఎంతసేపైనా."

"పరిగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలని ఊరికే అన్నారా" అందామె.

నాన్నను మైకు దగ్గరికి రప్పించడానికి బతిమాలవలసి వచ్చింది. వచ్చి కూర్చున్నాక, ఆగిన చోటినుంచే ఎత్తుకున్నాడు.

"ఆ బల్ల మీద ఒకటి గుర్తొచ్చింది. మార్కెట్లో ప్రతివాణ్నీ పేరు పెట్టి పిలిచాను. నిన్ను మాత్రం ఇన్నేళ్లూ ఏమోయ్ అనే పిలిచాను. గొంతు పోయేలోపు ఒక్కసారి పిలుద్దామనుకున్నా. ఈలోగా మత్తిచ్చేశారు."

తర్వాత ఆమె పేరు పిలిచాడు. స్పీకరు దాన్ని వీధి చివరిదాకా వినిపించేలా పిలిచింది.

"మెల్లగానండీ, పక్కింటివాళ్లు వింటారు" అంది తల్లి. గొంతు వణికింది. ఈసారి యంత్రంలో కాదు. పిట్ట ఫ్యాన్లు చూసే నెపంతో పక్కగదిలోకి తప్పుకుంది.

ఆ వారమే మార్కెట్ మేనేజరు పలకరించడానికి వచ్చి, గుమ్మంలోనే నిలబడిపోయాడు. లోపల ఆయన ఎప్పటి సంగతో భార్యకు చెబుతున్నాడు, ఆపకుండా.

"అన్నయ్యా, ఇది రికార్డింగా?"

"రికార్డింగైతే నీకు జవాబు చెబుతుందా? కూర్చో."

మేనేజరు కూర్చున్నాడు. కొత్త వేలందారుకు సీజను ఒత్తిడికి గొంతు పట్టేసిందనీ, మెట్టెక్కే మనిషి లేడనీ చెప్పుకొచ్చాడు. చెబుతూ చెబుతూ ఆగి, ఆయన మొహం చూశాడు. తండ్రి కూతురి మొహం చూశాడు.

"డబ్బా పెట్టడానికి ఇంట్లో పక్కగది ఉంది నాన్నా, మార్కెట్లో లేదు" అంది పిట్ట. "అయినా తీగలు పొడుగ్గానే ఉన్నాయి."

డబ్బాను మార్కెట్లో పూలు నిల్వచేసే చల్లగదిలో పెట్టారు. దానికి అంతకంటే మంచి చోటు ప్రపంచంలో ఉండదనుకుంది పిట్ట. తండ్రి మెట్టెక్కి, చెంపకు మైకు తగిలించుకుని, కాసేపు కొనేవాళ్ల వంక చూస్తూ నిలబడ్డాడు. పెదాలు కదిలాయి. గులాబీలు, గన్నేర్లు, లిల్లీలు వరసగా అమ్ముడుపోసాగాయి. ఒకడు ధర కలపడానికి తటపటాయిస్తే, "ఆలోచించుకో తమ్ముడూ, పువ్వు కదా, వాడేదాకా ఆగుతుంది" అన్నాడు. జనం గొల్లున నవ్వారు. పిట్ట చల్లగదిలో స్వెట్టరేసుకుని తెర మీది వేగం అంకెను చూస్తూ కూర్చుంది. ఆఖరి బకెట్టు దాకా అది కదల్లేదు.

వేలం అయిపోయింది. బళ్లకు పూలెక్కించారు, నేల కడిగారు. మిషను ఆపి సర్దుకుందామని ఆమె బయటికొచ్చి చూస్తే, ఆయన ఇంకా మెట్టు మీదే ఉన్నాడు. పాత స్నేహితులు చుట్టూ మూగారు. తను లేనప్పుడు ఎవరు ఏం కొన్నారో, ఎవరు ఎవర్ని ముంచారో అందర్నీ అడుగుతున్నాడు, మధ్యలో తనే జవాబులు చెబుతున్నాడు.

పిట్ట ఖాళీ బకెట్టొకటి బోర్లించుకుని కూర్చుంది. తొందరేం లేదు.