ఉప్పు ఉండే చోటు

అయినా ఎవరు సర్దమన్నారు ఈ లైబ్రేరియనమ్మని, నేను ఇంటికెళ్ళి వచ్చేలోపు నా బదులు పాఠాలు చెప్పమంటే అరలన్నీ పుస్తకాల బీరువాలా తీర్చిదిద్దింది, పొడుగు డబ్బాలు వెనక, పొట్టివి ముందు, చూడటానికి ఎంత ముచ్చటగా ఉందో, అదే వచ్చిన చిక్కు, చూపు పోయినవాళ్ళకి ఇల్లు నడుపుకోవడం నేర్పే వంటగది ఇది, ఇక్కడ ఆ ముచ్చట చూసేది ఆవిడా నేనూ తప్ప ఇంకెవరు, ఈ పరాయి దేశానికి జీతం లేని ఉద్యోగానికి వచ్చిన మొదటిరోజే నాకు చెప్పారు, వాళ్ళ వస్తువు జరపకు, జరపక తప్పకపోతే అడుగు, అడిగి జరిపినా వాళ్ళ చేత్తో తడిమించు అని, పాపం డ్రైవరు గారు, కళ్ళున్నప్పుడు బస్సు నడిపిన మనిషి, అలవాటైన చోటికి చెయ్యి చాచి, పంచదారనుకుని టీలో ఉప్పు వేసుకుని, ఒక గుక్క తాగి, టీచరమ్మా, రాత్రికి రాత్రి రోడ్డు మలుపు మార్చేశారు, ఒక బోర్డన్నా పెట్టొద్దా అన్నాడు, అందరూ నవ్వారు, లైబ్రేరియనమ్మ మాత్రం, నేను మంచికే సర్దానండీ అంది, నేను ఊరుకున్నానా, మీ ఇల్లనుకున్నారా మీ కంటికి నచ్చినట్టు సర్దడానికి, ఆయన చెయ్యి దారి తప్పితే ఎవరు జవాబు చెబుతారు అని అందరి ముందూ కడిగేశాను.

చెయ్యి, అలా దారి తప్పిన చెయ్యి ఇంకోటి ఎక్కడ చూశానూ, ఇంట్లో, మొన్ననే, మా ఆయనది, ఇంటికెళ్ళి వంటగదిలో అడుగు పెడితే అది నా వంటగది కాదు, ఉప్పు, పంచదార, టీ పొడి అన్నీ స్టవ్ పక్కన మేకుకి తీగతో వేలాడగట్టిన ప్లాస్టిక్ బుట్టలో, గరిటెలు కిటికీ ఊచకి, నా పెద్ద గిన్నెలు మంచం కింద, దాన్ని చూసి నేను నోరు తెరిచేలోపే మా ఆడపడుచు, వదినా, అన్నయ్య నీకంటే వాటంగా వండుతున్నాడు, నువ్విక నిశ్చింతగా పరాయి దేశాన్ని ఉద్ధరించు అంది, నవ్వుతూనే అంది, నేనూ నవ్వాను, ఆ నవ్వు అరక్క మర్నాడు పొద్దున్నే కొంగు బిగించి అన్నీ నా పాత చోట్లలోకి సర్దేశాను, బుట్టని పెరట్లోకి విసిరేశాను, ఆయన గుమ్మంలో నిలబడి చూశారు, ఎలా ఉందండీ అంటే, బావుంది, నీ చేతికి వీలుగా ఉంది కదా అన్నారు, దాన్ని పొగడ్త అనుకున్నాను, చదువుకున్నదాన్నే, ఆ సాయంత్రం టీ పెడుతూ ఆయన స్టవ్ పక్కకి చెయ్యి చాచారు, అక్కడ మేకు ఒక్కటే ఉంది, ఏంటండీ, కళ్ళు కనబడటం లేదా, పంచదార పై అరలో ఉంది కదా అన్నాను, చూపు లేనివాళ్ళ మీద ఒక్కనాడూ విసుక్కోనిదాన్ని.

డ్రైవరు గారికి టీ మళ్ళీ మరుగుతుంటే బయటికొచ్చి ఫోన్ చేశాను, ఏమండీ, చేరాను, టీ తాగారా, తాగాను, పంచదార లేకుండా, వెతకడానికి బద్ధకం వేసింది, ఒంటికి మంచిదేలే అన్నారు, ఏమండీ, ఆ బుట్ట పెరట్లోనే ఉంది, తెచ్చుకుని మళ్ళీ మీకు నచ్చినట్టు పెట్టుకోండి, ఎందుకూ, నువ్వొచ్చాక నువ్వు వెతుక్కుంటావు, ఉండనీ, నాకే అలవాటవుతుంది అన్నారు, నువ్వొచ్చాక అన్నారే గానీ ఎప్పుడొస్తానో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు, లోపలికొచ్చి లైబ్రేరియనమ్మ మొహం చూడలేక డ్రైవరు గారి చెయ్యి పట్టుకుని ఇదిగో పంచదార, ఇదిగో ఉప్పు అని తడిమిస్తున్నాను, ఆయన వేళ్ళు మూత చుట్టూ నెమ్మదిగా తిరుగుతున్నాయి, ఆ బుట్ట తీగకి మా ఆయన ఎన్ని మెలికలు తిప్పారో, జారిపోకుండా, ఎన్నిసార్లు కట్టి విప్పారో, ఒక్కరే నిలబడి, నన్ను వెళ్ళొద్దని ఒక్కమాట అనకుండా, నాలుగు రోజులకి వెళ్ళిన చుట్టాన్ని నేను, చుట్టంలాగే గుమ్మం దగ్గర ఆగి, ఏమండీ, ఉప్పు ఎక్కడుందీ అని అడిగి ఉండాల్సింది, ఎంత మురిసిపోతూ చూపించేవారో.